నత్త ట్రాన్స్‌క్రిప్టోమ్‌లో న్యూరోపెప్టైడ్లు బ్లాస్ట్‌కు ఎందుకు దొరకవు?

బెంగళూరులో ఎమ్మెస్సీ చేస్తున్న మీరు, తెలిసిన న్యూరోపెప్టైడ్లతో (నాడీ కణాలు సంకేతాలుగా వాడే చిన్న ప్రోటీన్ ముక్కలతో) బ్లాస్ట్ చేస్తే, అంటే వరుసల పోలికను వెతికే ప్రోగ్రామ్ నడిపితే, నత్త ట్రాన్స్‌క్రిప్టోమ్ (కణజాలంలోని ఆర్‌ఎన్‌ఏ వరుసలన్నీ) డేటాలో దాదాపు ఏమీ రాలేదు, ఎందుకని అడిగారు. తప్పు డేటాదే అనుకోకండి. జాతులు మారినా నిలిచి ఉండేది కొద్దిపాటి అమైనో ఆమ్లాల వరుసే; పూర్వగామి ప్రోటీన్‌లో (కోస్తే పెప్టైడ్లు బయటికొచ్చే పెద్ద ప్రోటీన్‌లో) మిగతా భాగం బాగా మారిపోతుంది. అంత చిన్న పోలికకు బ్లాస్ట్ ఇచ్చే స్కోరు చాలదు.

కాబట్టి పోలికతో పాటు నిర్మాణాన్నీ వెతకాలి. ముందుగా సిగ్నల్‌పీ అనే ప్రోగ్రామ్‌తో ప్రోటీన్ మొదట్లో సిగ్నల్ పెప్టైడ్ (ప్రోటీన్‌ను కణం బయటికి పంపే దారిలో పెట్టే వరుస) ఉందేమో చూడండి. తర్వాత లైసీన్-ఆర్జినీన్ వంటి అమైనో ఆమ్లాల జంటలను పట్టుకోండి. ఎంజైములు ఎక్కువగా కోసేది అక్కడే. న్యూరోప్రెడ్ అనే ప్రోగ్రామ్ ఆ చోట్లను అంచనా వేస్తుంది. 1977లో ఒక ఆల్చిప్పలో గుర్తించిన ఎఫ్‌ఎంఆర్‌ఎఫ్‌అమైడ్ అనే న్యూరోపెప్టైడ్‌నే తీసుకోండి. ఏప్లీసియా అనే సముద్రపు నత్తలో దాని పూర్వగామిని చదివితే ఫినైల్‌అలనీన్, మెథియోనీన్, ఆర్జినీన్, ఫినైల్‌అలనీన్, గ్లైసీన్, ఆపై లైసీన్ లేదా ఆర్జినీన్ అనే వరుస పదేపదే వస్తుంది. ఆ చివర కోత పడుతుంది, గ్లైసీన్ నుంచి పెప్టైడ్ చివర అమైడ్ ఏర్పడుతుంది. ఇలాంటి పునరావృతం కనిపిస్తే వదలకండి, నా దృష్టిలో అంతకన్నా మంచి ఆధారం లేదు.

పెప్టైడ్ కుటుంబాల వారీగా వెతకడానికి హెచ్‌ఎంఎంఈఆర్ అనే ప్రోగ్రామ్ ఉంది. ట్రాన్స్‌క్రిప్ట్ (ఒక ఆర్‌ఎన్‌ఏ వరుస) మొదలు తెగిపోతే మాత్రం సిగ్నల్‌పీకి ఏమీ కనిపించదు, ముందే సరిచూసుకోండి.

ఇవన్నీ అంచనాలే. పెప్టైడ్ నిజంగా తయారవుతోందని చెప్పాలంటే నాడీ కణజాలంపై మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువుల ద్రవ్యరాశిని కొలిచి వాటిని గుర్తించే పద్ధతి) చేయాలి. మీ ఊళ్లోనే, జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆవరణలోని సీ-క్యాంప్ అనే పరిశోధన సౌకర్యాల కేంద్రంలో అది చేయించుకోవచ్చు. నమూనాలు తీసే ముందే వారితో మాట్లాడండి.