ప్రశ్నార్థకం దగ్గర ఒక్క క్షణం ఆగండి

ప్రశ్న: నేను గ్రూపులో వీడియో లింకు పెడితే నాలుగు వరుసలు వస్తోంది. ఇదేదో వైరస్ అనుకుని ఎవరూ నొక్కడం లేదు. సగం తుడిచేసి పంపితే అసలు వీడియోనే రావడం లేదు. ఎక్కడిదాకా ఉంచాలి?
– ఒక రిటైర్డ్ టీచర్

జవాబు: టీచర్ గారూ, లింకులో ప్రశ్నార్థకం గుర్తు ఎక్కడుందో ముందు చూడండి. మామూలుగా దానికి ముందున్నదే పేజీ చిరునామా. తర్వాత '&' గుర్తుతో విడివిడిగా ఉండే ముక్కల్లో చాలావరకు మీరు ఎటునుంచి వచ్చారో లెక్క కట్టుకోవడానికి పెట్టినవే. 'యూటీఎం' అని మొదలయ్యేవి ప్రకటనల లెక్కకి. 'ఎఫ్‌బీక్లిడ్' (fbclid) అన్నది ఫేస్‌బుక్ తగిలించేది. ఇవి తీసేసినా పేజీ మామూలుగానే తెరుచుకుంటుంది.

యూట్యూబ్ దగ్గరే చిక్కు. అక్కడి పూర్తి లింకులో ప్రశ్నార్థకం తర్వాత 'వీ=' అని ఉండి, దాని వెనక 11 అక్షరాలుంటాయి. వీడియో గుర్తింపు అదే. మీరు దాన్నీ తుడిచేసి ఉంటారు. ఆ 11 ఉంచి, 'ఎస్ఐ=' దగ్గర్నుంచి ఉన్నది తీసేయండి. 'టీ=' ఉంటే మాత్రం చూసుకోండి, వీడియో ఎన్నో సెకను నుంచి మొదలవ్వాలో చెప్పేది అదే.

ఒకసారి నేనూ ఆన్‌లైన్ మీటింగ్ లింకుని అలవాటు కొద్దీ ప్రశ్నార్థకం దగ్గర కత్తిరించి పంపాను. పాస్‌వర్డ్ ఆ తీసేసిన ముక్కలోనే ఉంది. అందరూ బయటే ఆగిపోయి ఒకటే ఫోన్లు. ఎంత టెన్షన్ పడ్డానో! అప్పట్నుంచి ఏ లింకైనా ఇన్‌కాగ్నిటో విండోలో, అంటే మన లాగిన్లు లేకుండా తెరుచుకునే విండోలో, తెరిచి చూశాకే పంపుతున్నాను. మామూలు విండోలో మనం లాగిన్ అయి ఉంటాం కాబట్టి మనకి తెరుచుకున్నది అవతలివాళ్లకి తెరుచుకోకపోవచ్చు.

పొడుగ్గా ఉన్నదల్లా చెత్త కాదండీ. తెలుగు వికీపీడియా లింకు కాపీ చేస్తే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తొమ్మిదేసి అక్షరాలుగా మారిపోతుంది. 'తెలుగు' అన్న చిన్న మాటే 54 అవుతుంది. దాంట్లో ఒక్కటి చెరిపినా పేజీ దొరకదు, అలాగే పంపేయండి.

కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వాడితే లింకు మీద రైట్ క్లిక్ చేసినప్పుడు ట్రాకింగ్ ముక్కలు తీసేసి కాపీ చేసే ఆప్షన్ కనిపిస్తుంది. 2023లో వచ్చింది. అన్నీ పోవు గానీ చాలా పని తగ్గుతుంది. లింకుని పొట్టి చేసే సైట్ల జోలికి మాత్రం మీరు వెళ్లొద్దు. ఎక్కడికి తీసుకెళ్తుందో కనబడని లింకుని చూస్తే మీవాళ్లు ఇంకా భయపడతారు. దానికన్నా లింకు పైన 'ఇది ఫలానా వీడియో, పది నిమిషాలు' అని ఒక వాక్యం మీ మాటల్లో రాయండి.