సముద్రానికి వీపు చూపించకు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

నువ్వూ నీ స్నేహితురాళ్లూ డే-నైట్ మ్యాచ్‌కి టికెట్లు కొనుక్కున్నారనీ, శని, ఆదివారాలు విశాఖలోనే ఉంటారనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. తన గొంతులో భయం తెలుస్తూనే ఉంది. నాకూ ఉంది, కానీ గర్వం అంతకన్నా ఎక్కువ. మన ఇంటి ఆడపిల్లలు మగతోడు లేకుండా స్టేడియానికి వెళ్లడం ఇదే మొదలు. పోతినమల్లయ్యపాలెం స్టేడియంలో ఇప్పుడు మిథాలీరాజ్ పేరుతో ఒక స్టాండ్ ఉంది. వెళ్లగానే అదెక్కడుందో చూసుకో.

నీళ్ల సీసాలు, పెద్ద సంచులు లోపలికి రానివ్వరు. శాలువా మాత్రం మరిచిపోకు. చీకటి పడ్డాక మంచు కురిసి బంతి తడుస్తుంది, స్పిన్నర్ల వేళ్లకు పట్టు దొరకదు. టాస్ గెలిస్తే ఆ తడిలో బౌలింగ్ చేసే బాధ తప్పించుకోవచ్చు. ఈ కాలంలో టాస్‌కి అంత విలువ అందుకే, ఆ సమయానికల్లా సీట్లో ఉండు. ఆట అయ్యాక హైవే మీద ఆటో కోసం నిలబడొద్దు. ఎంత రాత్రయినా నేనే వస్తాను. మొహమాటపడితే ఊరుకోను.

శనివారం పొద్దున్నే సింహాచలం వెళ్లండి. తర్వాత తొట్లకొండ. 1976లో నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది. సముద్రాన్ని ఆ కొండ మీద నుంచి ఎంతసేపైనా చూసుకోండి, నాకు దిగులుండదు. సాయంత్రం కురుసురా జలాంతర్గామి. 2001 దాకా నౌకాదళంలో పనిచేసింది, మరుసటి ఏడాది నుంచి మ్యూజియం. లోపల దారులు ఇరుకు, తల వంచి నడవాలి.

అది దిగితే ఎదురుగా ఇసుక. మీ అమ్మ నీకు ఎన్నడూ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి.

1988 డిసెంబరు 10న న్యూజిలాండ్‌తో మ్యాచ్ మన ఊళ్లోని పాత స్టేడియంలో జరిగింది. అది చూడటానికే మీ అమ్మ రాజమండ్రి నుంచి వచ్చింది. శ్రీకాంత్ బంతి పట్టి ఐదు వికెట్లు తీస్తే, గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. మరునాడు ఆదివారం. ఆ హుషారులోనే రామకృష్ణా బీచ్‌కి వెళ్లాం. మా పక్కింటి అబ్బాయి దగ్గర అరువు కెమెరా ఉంది. మీ అమ్మ చీలమండల లోతు నీళ్లలో, సముద్రానికి వీపు పెట్టి నిలబడింది. అప్పటిదాకా వచ్చినవన్నీ చిన్న అలలే. ఫోటోకి నవ్వుతూ ఉండగా వెనక నుంచి ఒకటి నడుము దాకా లేచింది. అల కొట్టినప్పుడు పడలేదు, వెనక్కి పోతున్నప్పుడు పడింది. కాళ్లకింది ఇసుకంతా ఆ నీటితో పాటే జారిపోయింది. ఇక్కడ ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది తల్లీ, రెండడుగులు లోపలికి పోతే లోతు మారిపోతుంది. నేను పరుగెత్తి చేరేలోపే ఒక జాలరి దూకి జడ పట్టుకుని లాగాడు. నోట్లో, ముక్కులో ఇసుక. పైకి వచ్చాక ఏడవలేదు, నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ఆ జాలరి డబ్బు తీసుకోలేదు. “చెల్లిని తీసుకుపో బాబూ” అని వలల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇప్పుడు ప్రతి ఒక్కరి చేతిలో ఫోను, అందరికీ అలల ముందు ఫోటో కావాలి. చలికాలంలో సముద్రం నెమ్మదిగా కనిపిస్తుంది, దాన్ని నమ్మకు. ఫోటో కావాలంటే పొడి ఇసుక మీద తీసుకోండి. చీకటి పడ్డాక నీళ్ల వైపే వెళ్లొద్దు. నీ స్నేహితురాళ్లకి ఈ మాట నువ్వే చెప్పు, పిరికిదని నవ్వితే నవ్వనీ.

కోపంగా రాశానని అనుకోకు బంగారూ. నువ్వు వస్తున్నావని మీ అత్తయ్య అప్పుడే అరిసెలకి బియ్యం నానబోసింది. రైలెక్కగానే పెట్టె నంబరు చెప్పు, ప్లాట్‌ఫాం మీదే ఉంటాను. మీలో కారం తినలేనివాళ్లు ఎవరైనా ఉంటే ఆ సంగతి మీ అత్తయ్యకి ముందే ఫోను చేసి చెప్పు.

మీ మామయ్య