ఆ మాట పడ్డది మీ అమ్మగారు

ప్రశ్న: మాది ఒంగోలు. పుట్టింటివాళ్ళం తాతల కాలం నుంచీ బాప్టిస్టులం. పెళ్ళై తొమ్మిదేళ్ళు, ఇద్దరు పిల్లలు, హైదరాబాద్‌లో ఉంటున్నాం. మావారు రెండేళ్లుగా యూట్యూబ్‌లో ప్రసంగాలు విని, దేవుడు జగత్తు పునాదికి ముందే కొందరిని ఏర్పరచుకున్నాడని, మిగతావాళ్ళు ఎంత ఏడ్చినా లాభం లేదని గట్టిగా నమ్ముతున్నారు. సంఘంలో గొడవ వల్ల మా నాన్న చివరి పదేళ్ళు చర్చికి వెళ్ళలేదు. పోయిన ఏడాది చనిపోయారు. మొన్న క్రిస్మస్‌కి అమ్మ మా ఇంటికి వచ్చింది. భోజనాల దగ్గర మావారు, ‘చివరిదాకా నిలవనివాడు అసలు ఏర్పరచబడినవాడే కాదు. మామయ్యగారి గురించి ఆశ పెట్టుకోకూడదు’ అన్నారు. రెండు రోజులకు అమ్మ పని ఉందని వెళ్ళిపోయింది. మా పాస్టరుగారేమో నమ్మిన ప్రతివాళ్ళకీ రక్షణ ఉందంటారు. ఎవరి బోధ సరైనది? మావారికి ఏ వచనాలు చూపించాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో రోమా తొమ్మిదో అధ్యాయం ఉంది, ఎఫెసీ మొదటి అధ్యాయం ఉంది, మీవారు వినే ప్రసంగాల సారాంశమంతా ఉంది. మీ అమ్మగారు వెళ్ళిపోయిన సంగతి రెండే వాక్యాలు. ఆ తర్వాత ఆవిడతో ఫోన్‌లో ఏం మాట్లాడారో ఒక్క ముక్క లేదు. మాట్లాడలేదనే అనుకుంటున్నాను.

మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. వచనాల జాబితా ఇవ్వను. తండ్రి ఆకర్షిస్తే తప్ప ఎవరూ నా దగ్గరికి రాలేరని యేసు అన్న మాట యోహాను ఆరులో ఉంది. అందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడన్న మాట మొదటి తిమోతి రెండులో ఉంది. మీరు ఒకటి చూపిస్తే ఆయన రెండు చూపిస్తారు. 1618, 1619 సంవత్సరాల్లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్ పట్టణంలో నెలల తరబడి సభ పెట్టి నమ్మేవాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఆర్మీనియస్ అనే బోధకుడి శిష్యుల వాదాన్ని తోసిపుచ్చారు. నాలుగు వందల ఏళ్లు గడిచినా రెండు పక్షాలవాళ్ళూ అదే బైబిలు చదువుతూ ప్రార్థన చేసుకుంటూనే ఉన్నారు. మీ డైనింగ్ టేబుల్ దగ్గర అది తేలదు.

మీవారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను. నా రక్షణ నా బలం మీద కాక దేవుని కృప మీదే నిలబడి ఉందన్న మాట ఎంతోమందికి ధైర్యమిచ్చింది. అయితే ఆయన భోజనాల దగ్గర అన్నది ఆ బోధ కాదు. ఆ బోధ నమ్మిన స్విట్జర్లాండ్ సంఘాలే 1566లో ప్రకటించిన రెండో హెల్వెటిక్ విశ్వాస ప్రమాణంలో, అందరి గురించీ మంచే ఆశించాలి, ఎవరినీ తొందరపడి తోసివేయబడినవాళ్ళ లెక్కలో వేయకూడదు అని స్పష్టంగా ఉంది. దేవుని రహస్య నిర్ణయంలోకి తొంగిచూడొద్దని, ఆ బోధకు పేరుపడ్డ కాల్విన్ కూడా హెచ్చరించాడు. ఇక రోమా తొమ్మిది. ఏర్పాటు గురించి, అంటే దేవుడు కొందరిని ఏర్పరచుకోవడం గురించి చెప్పబోయే ముందు పౌలు తనవాళ్ళ కోసం దుఃఖపడ్డాడు. వాళ్ళ కోసం తాను శాపగ్రస్తుడినైనా బాగుండునన్నాడు. ఆ అధ్యాయం పట్టుకున్న మనిషికి కొత్తగా భర్త పోయిన అత్తగారి ముందు గొంతు కాస్తయినా తగ్గాలి.

మీది ఒంగోలు కాబట్టి ఇంకో మాట. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి మీ ఇంట్లో వినే ఉంటారు. దానికి ముందు పెద్ద కరువు. తిండి కోసం వచ్చిందెవరో, విశ్వాసంతో వచ్చిందెవరో తెలియదని, సహాయం పంచుతున్నంత కాలం అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు. ఆ సహాయ పనులు ముగిశాకే ఇచ్చారు. ఎదురుగా నిలబడ్డ మనిషి మనసు విషయంలోనే ఆయన అంత ఆచితూచి నడుచుకున్నారు. మీవారు సమాధిలో ఉన్న మనిషి గురించి తీర్పు చెప్పేశారు.

ఆ మాట పడ్డది మీరు కాదు, మీ అమ్మగారు. అసలే అల్లుడి ఇంట్లో రోజులు లెక్కపెట్టుకుని ఉండే మనుషులు మన తల్లులు. భర్త పోయాక మొదటి క్రిస్మస్‌కి బిడ్డ దగ్గర ఉందామని వచ్చారు. ఆవిడ అన్నం తింటుండగా ఆ మాట వచ్చింది. ఆ పూట మీరేం చేశారు? ‘ఆయనతో వాదించాను’ అని రాశారు. దేని మీద? దేవుని ఏర్పాటు మనిషి నమ్మకమనే షరతుతో కూడినదా కాదా అని! అమ్మ చెయ్యి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్ళే మనిషి ఆ ఇంట్లో లేకపోయారు. నాకు మీవారి మీద కంటే మీ మీద కోపం వచ్చింది, దాచను. తల్లికి మర్యాద దక్కని ఇంట్లో బోధ ఎంత శుద్ధంగా ఉన్నా నాకు లెక్కలేదు.

ఇంకొకటి గమనించారా? మీ నాన్నగారి విశ్వాసం గురించి మీవారు మాట్లాడారు, పాస్టరుగారు మాట్లాడారు, మీరు నాలుగు పేజీలు రాశారు. ఆ పదేళ్ళూ ఆయన పక్కనే ఉన్న మనిషిని ఎవరూ అడగలేదు. చర్చికి వెళ్ళకపోయినా ఇంట్లో బైబిలు తీసేవారా, రాత్రి ప్రార్థన చేసుకునేవారా, ఆసుపత్రిలో చివరి రోజుల్లో ఏమన్నారు, సంఘంలో ఆ గొడవ ఆయన్ని ఎంత కోసింది, ఇవన్నీ తెలిసింది ఆవిడ ఒక్కరికే. వాదన గెలవడానికి సాక్ష్యం సేకరిస్తున్నట్టు కాకుండా, కూతురిలా అడగండి. చెప్పడానికి ఏమీ లేదంటే ఊరుకోండి, ఊరికే కూర్చోండి. మీరు కూడా నాన్న కోసం తీరా ఏడ్చినట్టు నాకు అనిపించలేదు. వాదనలో పడి ఆ పని వాయిదా వేశారు.

మీవారి సంగతి. ఆయన నమ్మకం మార్చుకోమని అడగకండి, అది మీ చేతిలో లేదు. అత్తయ్యగారికి క్షమాపణ చెప్పమని మాత్రం అడగండి. ఫోన్‌లో కాదు, ఎదురుగా. ‘నేను చెప్పింది వాక్యమే కదా’ అని అంటారు. అప్పుడు ఆయన తప్పకుండా గౌరవించే జార్జ్ విట్‌ఫీల్డ్ సంగతి గుర్తుచేయండి. ఇద్దరూ ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ ప్రసంగీకులే. విట్‌ఫీల్డ్ ఏర్పాటును నమ్మినవాడు, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ దాన్ని ఒప్పుకోనివాడు. 1739లో వెస్లీ దానికి వ్యతిరేకంగా ప్రసంగం అచ్చువేస్తే, విట్‌ఫీల్డ్ కూడా అచ్చులోనే గట్టిగా జవాబిచ్చాడు. స్నేహం దెబ్బతింది, మళ్ళీ కలిశారు, అభిప్రాయాలు మాత్రం మారలేదు. 1770లో విట్‌ఫీల్డ్ చనిపోతే, ఆయన ముందే కోరుకున్న ప్రకారం లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీ. ఆ రోజు పాత తగాదా తవ్వలేదు. ఇలాంటి విషయాల్లో ఎవరి ఆలోచన వాళ్ళని ఉంచుకోనిద్దాం అన్నాడు. తన సంస్మరణ ప్రసంగానికి అవతలి పక్షం మనిషినే కోరుకోగలిగాడు విట్‌ఫీల్డ్. మీవారు మామగారి గురించి ఒక్క మంచిమాట చెప్పలేరా?

పిల్లలు తాతయ్య గురించి అడిగితే, తాతయ్య దేవుని చేతుల్లో ఉన్నారని చెప్పండి. ఆ మాటకు మీవారి బోధా అడ్డుకాదు, మీ పాస్టరుగారి బోధా అడ్డుకాదు. ఇద్దరూ ముందే కూర్చుని ఆ ఒక్క మాట మీద ఒప్పుకోండి. పిల్లలు ఏ చర్చికి వెళ్ళాలన్నది తర్వాత.

ఈ శనివారానికే ఒంగోలు టికెట్లు తీయండి. మీవారు వస్తే మంచిది. రానంటే ఆయన కోసం ఆగకండి, పిల్లల్ని తీసుకుని మీరు వెళ్ళండి. ఆదివారం అమ్మతో కలిసి ఆవిడ చర్చికే వెళ్ళి, ఆవిడ పక్కన కూర్చోండి.