ఫ్రాన్స్, జర్మనీ: ప్రైమరీ చదువుకు ఎవరు ఎక్కువ ఖర్చు పెడుతున్నారు?

ఒక టేబుల్ చూస్తే ఫ్రాన్స్, ఇంకోటి చూస్తే జర్మనీ ఎక్కువ ఖర్చు పెడుతున్నట్టుంది, ఏది నమ్మాలి అని అడిగారు. రెండూ నిజమే. జీడీపీలో వాటా చూస్తే ఫ్రాన్స్ ముందు, ఒక్కో పిల్లవాడికి ఏడాదికి ఎంతని చూస్తే జర్మనీ ముందు.

మొదట తరగతులు లెక్కపెట్టండి. ఫ్రాన్స్‌లో ప్రైమరీ మన దగ్గరలాగే అయిదేళ్లు. జర్మనీలో గ్రుండ్‌షూలె నాలుగేళ్లే (బెర్లిన్, బ్రాండెన్‌బుర్గ్‌లలో మాత్రం ఆరు). మిగతావన్నీ సమానం అనుకున్నా 5ని 4తో భాగిస్తే 1.25. అంటే పిల్లవాడి మీద ఒక్క యూరో అదనంగా పెట్టకుండానే ఫ్రాన్స్ వాటా 25 శాతం పెద్దగా కనిపిస్తుంది. పైగా ఫ్రాన్స్ జనాభాలో పిల్లల వాటా ఎక్కువ, తలసరి జీడీపీ జర్మనీ కంటే తక్కువ. మూడూ ఒకే వైపు లాగుతాయి. అందుకే జీడీపీ శాతంతో ఎవరు ఉదారంగా పెడుతున్నారో తేల్చకూడదు.

ఎక్కువమంది బోల్తా పడేది టేబుల్ ఎంపికలో. యూరోస్టాట్‌లో (యూరోపియన్ యూనియన్ గణాంక శాఖ) ప్రభుత్వ ఖర్చుల వర్గీకరణ తీసుకుంటే 09.1 అనే పద్దు దొరుకుతుంది. అది ప్రైమరీ ఒక్కటే కాదు, ప్రీ-ప్రైమరీ కూడా కలిసిన పద్దు. ఫ్రాన్స్‌లో 2019 నుంచి 3 ఏళ్లకే చదువు తప్పనిసరి, ఆ మాతెర్నెల్ (నర్సరీ బడి) ఖర్చంతా ఇందులోకే వస్తుంది. ఫ్రెంచ్ విద్యాశాఖ వాడే ‘ప్రెమియే దెగ్రే’ అన్న మాటా అంతే, బడి ముందు మూడేళ్లనూ కలుపుకునే ఉంటుంది. మీకు కావలసింది యునెస్కో, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల ఆర్థిక సంస్థ), యూరోస్టాట్ కలిసి సేకరించే విద్యా వ్యయ డేటా. అందులో ఇస్కెడ్ 1 వరస (అంతర్జాతీయ విద్యా వర్గీకరణలో ప్రైమరీ ఒక్కటే) ఎంచుకుని, ఒక్కో విద్యార్థికి, కొనుగోలు శక్తి ప్రమాణంలో (దేశాల మధ్య ధరల తేడా సర్దిన కొలతలో) ఉన్న అంకె తీసుకోండి. మామూలు యూరోల్లో తీసుకుంటే ధరల తేడా కూడా ఖర్చు తేడాలా కనబడుతుంది.

బడ్జెట్ పుస్తకాల నుంచి సొంతంగా లెక్క కడదామనుకుంటే, కేంద్ర బడ్జెట్ ఒక్కటే పట్టుకోవద్దు. ఫ్రాన్స్‌లో టీచర్ల జీతాలు కేంద్రానివి, బడి భవనాలు, నిర్వహణ కమ్యూన్‌లవి (స్థానిక సంస్థలవి). జర్మనీలో జీతాలు రాష్ట్రాలవి, భవనాలు ఎక్కువగా మునిసిపాలిటీలవి. బెర్లిన్‌లోని ఫెడరల్ బడ్జెట్‌లో ప్రైమరీ బడులకు దాదాపు ఏమీ కనబడదు. అలాగని అన్ని స్థాయిలనూ కూడేస్తే, పై ప్రభుత్వం కిందికిచ్చిన గ్రాంటు రెండుసార్లు పడుతుంది. దాన్ని తీసేయాలి.

ఇక పెన్షన్. నా ఉద్దేశంలో అన్నిటికంటే చిక్కుముడి ఇదే. ఫ్రాన్స్‌లో ప్రభుత్వోద్యోగి మూల వేతనం మీద యజమానిగా ప్రభుత్వం జమచేసే పెన్షన్ వాటా 2014 నుంచి 74.28 శాతం, 2025లో 78.28 శాతమైంది. ఇందులో చాలా భాగం ఇప్పటికే రిటైరైనవాళ్లకు పోయేదే. అది తరగతి గదిలోకి రాదు, కానీ విద్యా వ్యయంలో చేరుతుంది. జర్మనీలో చాలామంది టీచర్లు బెఆమ్‌టె హోదాలో ఉన్న శాశ్వత ప్రభుత్వోద్యోగులు. వాళ్లకు నెలనెలా పెన్షన్ జమ ఉండదు కాబట్టి గణాంక శాఖ ఒక అంచనా మొత్తాన్ని కలుపుతుంది. అంటే ఒకవైపు అసలు చెల్లింపు, ఇంకోవైపు ఊహించిన చెల్లింపు. చిన్న తేడా మీద వాదన నిలబెట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

జర్మనీలో ఒక్కో పిల్లవాడి మీద ఖర్చు ఎందుకు ఎక్కువో తెలియాలంటే జీతాల భాగాన్ని విడదీయాలి. టీచరు జీతాన్ని పిల్లల పాఠం గంటలతో గుణించి, టీచరు బోధించే గంటలతోనూ, తరగతిలో పిల్లల సంఖ్యతోనూ భాగిస్తే ఒక్కో పిల్లవాడిపై పడే జీతం ఖర్చు వస్తుంది. జర్మన్ టీచరు జీతం ఫ్రెంచ్ టీచరు కంటే బాగా ఎక్కువ. ఫ్రాన్స్‌లో పిల్లలకు వారానికి 24 గంటలు, 36 వారాలు, మొత్తం 864 గంటలు. జర్మనీలో అంతకంటే తక్కువ. కాబట్టి గంటకు లెక్కేస్తే రెండు దేశాల మధ్య దూరం ఇంకా పెరుగుతుంది. సగటు తరగతి మాత్రం రెండుచోట్లా 21, 22 మంది దరిదాపుల్లోనే. ఫ్రాన్స్ 2017లో పేద ప్రాంతాల ఒకటో తరగతులను 12 మందికి కుదించడం మొదలుపెట్టింది, సగటు ఒక్కటే చూస్తే ఆ తేడా తెలియదు.

రాబోయే అంకెలతో ఒక జాగ్రత్త. 2026-27 నుంచి జర్మనీలో ఒకటో తరగతితో మొదలుపెట్టి, పిల్లలకు రోజంతా బడి, సంరక్షణ పొందే హక్కు వస్తోంది. ఆ మధ్యాహ్నపు సంరక్షణ కొన్నిచోట్ల బడి ఖర్చు, కొన్నిచోట్ల హోర్ట్ (బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే కేంద్రం) పేరుతో బాలల సంక్షేమ ఖర్చు. ఏ రాష్ట్రం దేన్ని ఎక్కడ రాస్తోందో చూడకుండా 2025నీ 2027నీ పక్కపక్కన పెట్టకండి.