డాక్టర్ సలహా: పాపకి హెచ్‌పీవీ టీకా అంటే ఇంట్లో భయపడుతున్నారు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. పాపకి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. సర్వైకల్ (గర్భాశయ ముఖద్వార) క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ అనే వైరస్ సోకకుండా టీకా వేయించమని పలాసలో పిల్లల డాక్టరు గారు చెప్పారు. మావారు ఒప్పుకోవడం లేదు. కొవిడ్ టీకా వేసుకున్న కుర్రాళ్లు గుండెపోటుతో పోతున్నారని, ఖమ్మంలో ఇదే టీకాకి ఆడపిల్లలు చనిపోయారని ఫోన్లో వీడియోలు చూపిస్తున్నారు. మా మామగారికి డయాలసిస్ జరుగుతోంది. పాప కిడ్నీలకి ఏమైనా అవుతుందేమోనని అత్తగారికి టెన్షన్. ‘పెళ్లి కావలసిన గుంటకి ఈ సూదులేటి, రేపు పిల్లలు పుట్టకపోతే’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వేయించమనే చెబుతానమ్మా. అయితే మీవారు అడిగినవి తీసిపారేసే ప్రశ్నలు కావు. ఈ జవాబు ఆయనకి కూడా చదివి వినిపించండి.

ఖమ్మం సంగతి కట్టుకథ కాదు. 2009లో, మనది ఇంకా ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు, ‘పాత్’ అనే అమెరికా సంస్థ ప్రాజెక్టు కింద ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గుజరాత్‌లోని వడోదరలో కూడా వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది, విచారణ జరిగింది. ఒక పాప క్వారీ నీళ్లలో మునిగి చనిపోయింది. ఒకరిని పాము కరిచింది. ఇద్దరు పురుగుమందు తాగారు. ఒకరికి మలేరియా ముదిరింది. మిగతా ఇద్దరిలో ఒకరిది తీవ్ర జ్వరం, ఇంకొకరిది మెదడులో రక్తస్రావం కావచ్చన్నారు గానీ అంత కచ్చితంగా తేలలేదు. టీకా వల్లే పోయారనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. వేల మంది పల్లెటూరి పిల్లల్ని నెలల తరబడి గమనిస్తే, టీకా వేసినా వేయకపోయినా ఇలాంటి చావులు కొన్ని కంటపడతాయి. వాటిలో టీకా తర్వాత జరిగినదేది, టీకా వల్ల జరిగినదేది అని విడదీయడానికే విచారణ.

తప్పు జరిగింది ఇంకో చోట. హాస్టళ్లలో చాలామంది పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. తల్లిదండ్రులకి కబురే లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. చదివిన ప్రతిసారీ నాకు కోపమే వస్తుంది. పేదవాళ్ల పిల్లలు కాబట్టే అలా చేయగలిగారు. మీ పాప విషయంలో సంతకం మీది. అడగాల్సినవన్నీ అడిగాకే పెట్టండి.

ఇక కొవిడ్ టీకా. అది వేరు, ఇది వేరు. కానీ మీవారి అనుమానంలో కొంత నిజముంది. కొవిషీల్డ్ తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయి రక్తం గడ్డకట్టే జబ్బు చాలా అరుదుగా కొందరికి వచ్చింది. ఎక్కువగా మొదటి డోసు పడిన కొద్ది వారాల్లోనే. పెద్దవాళ్లకంటే చిన్న వయసువాళ్లలో కాస్త ఎక్కువ. అందుకే బ్రిటన్‌లో 2021 ఏప్రిల్‌లో 30 ఏళ్ల లోపు వాళ్లకి, మే నెలలో 40 లోపు వాళ్లకి వీలైతే వేరే టీకా ఇవ్వమన్నారు. కొవిడ్ వల్ల కుర్రాళ్ల ప్రాణానికి ముప్పు తక్కువ, కాబట్టి టీకా వల్ల వచ్చే చిన్న ముప్పు కూడా వాళ్లకి లెక్కలోకి వస్తుంది. అరవై ఏళ్లవాళ్లకి అదే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. టీకా మంచిదా చెడ్డదా అని గుండుగుత్తగా అడిగితే జవాబు రాదమ్మా. ఏ వయసుకి, ఏ జబ్బుకి ఎదురుగా అని అడగాలి.

కుర్రాళ్ల గుండెపోట్ల మీద కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. 18 నుంచి 45 ఏళ్లవాళ్ల హఠాన్మరణాలకి టీకా కారణమని తేలలేదు. ఇంట్లో అలాంటి మరణం ఇదివరకే ఉండటం, కొవిడ్‌తో ఆసుపత్రిలో చేరి ఉండటం, ఒకేసారి అతిగా తాగడం, చనిపోయే ముందు శక్తికి మించి కసరత్తు చేయడం లాంటివి బయటపడ్డాయి. ఎప్పుడో 2021లో వేసుకున్న డోసు కోసం ఇప్పుడు రక్తం గడ్డకట్టిందేమో చూసే డీ-డైమర్ పరీక్షలంటూ డబ్బులు తగలేయకండి.

మీ పాప లెక్కకి వద్దాం. హెచ్‌పీవీ టీకాలో వైరస్‌ది అంటూ ఉండేది దాని పైపొరలోని ప్రొటీన్ ఒక్కటే. వైరస్ ఉండదు కాబట్టి జబ్బు అంటించలేదు. చెయ్యి నొప్పి, ఒకరోజు నలత, తలనొప్పి మామూలే. ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ పది లక్షల డోసులకి ఇద్దరికి మించి రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ భద్రతా కమిటీ లెక్క. అది కూడా సాధారణంగా నిమిషాల్లోనే బయటపడుతుంది, ఇంజెక్షన్‌తో సర్దుకుంటుంది. రెండో వైపు చూడండి. సర్వైకల్ క్యాన్సర్‌తో మన దేశంలో ఏటా 80 వేల మంది దాకా ఆడవాళ్లు పోతున్నారు. స్వీడన్‌లో 17 ఏళ్లలోపే ఈ టీకా వేసుకున్న ఆడపిల్లల్లో ఆ క్యాన్సర్ 88 శాతం తక్కువగా కనిపించింది. కొవిషీల్డ్‌లా ఇక్కడ తూకం అటూ ఇటూ ఊగే ప్రశ్నే లేదు.

అత్తగారికి చెప్పండి: పెళ్లికి ముందు, శారీరక కలయికతో అంటుకునే ఈ వైరస్ ఒంటికి తగలక ముందు వేస్తేనే దీని ఫలితం పూర్తిగా ఉంటుంది. అందుకే ఈ వయసులో. పిల్లలు పుట్టరన్న మాటకి ఎక్కడా ఆధారం లేదు.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీల భయం ఎవరికి ఉండదు? అక్కడి జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు గానీ, ఈ టీకా 2006లో ప్రపంచంలోకి రాకముందు నుంచే అది అక్కడ ఉంది. కిడ్నీలకి ఈ టీకాతో ఇబ్బంది లేదు. నన్ను అడిగితే భయపడాల్సింది టీకా వేసిన సాయంత్రం గురించి. చెయ్యి నొప్పిగా ఉందని పాప ఏడిస్తే, మందుల షాపుకెళ్లి ‘ఒక నొప్పి బిళ్ల ఇవ్వు బాబూ’ అంటాం. అతను డైక్లోఫెనాకో ఇబుప్రొఫెనో చేతిలో పెడతాడు. కిడ్నీలకి పడని మందులంటే అవీ! కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో అవి అలవాటు చేయకూడదు. బరువుకి తగ్గ పారాసిటమాల్ చాలు.

ఇంకోటి. ఈ వయసు ఆడపిల్లలు సూది చూసి కళ్లు తిరిగి పడిపోతుంటారు. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చి, వరుసలో ముందున్న పిల్ల చెయ్యి నొక్కుకోవడం చూస్తూ నిలబడుతుంది. తన వంతు వచ్చేసరికి పెదాలు తెల్లబడి, చెమటలు పట్టి, గోడవారగా జారిపోతుంది. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తి పెడితే రెండు నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. పక్కనెవరో తీసిన వీడియో మాత్రం జిల్లా అంతా తిరుగుతుంది. కాబట్టి టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి, కూర్చోబెట్టి వేయించండి, తర్వాత పదిహేను నిమిషాలు అక్కడే ఉంచండి. ఆరోజు గట్టి జ్వరం ఉంటే వాయిదా వేయండి. ఇదివరకు ఏ టీకాకైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే, ఈస్ట్ (బ్రెడ్ పిండి పులియడానికి వేసేది) పడకపోతే ముందే డాక్టరుకి చెప్పండి.

15 నిండకముందు మొదలుపెడితే ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఒక్కటి ఇచ్చినా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, కనుక మీ డాక్టరు ఒకటే చాలంటే కంగారుపడకండి. 15 దాటాక అయితే సాధారణంగా మూడు వేస్తారు, ఖర్చూ పెరుగుతుంది.

మీ వయసు రాయలేదు. 30 దాటి ఉంటే మీకూ, మీ అత్తగారికి 65 లోపయితే ఆవిడకీ, గర్భాశయ ముఖద్వారం పరీక్ష అవసరం. పాపకి వేసే టీకా మీకు కాపలా కాయదు. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ పరీక్ష (వీఐఏ అంటారు) ఏ రోజు చేస్తారో ఏఎన్‌ఎమ్‌ని అడగండి. పట్టేది కొద్ది నిమిషాలే.