పంచాయతీ పద్దులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఈ ఏడాది మా పంచాయతీకి 15వ ఆర్థిక సంఘం నిధులు పది లక్షలు వచ్చాయి. మొత్తం పెట్టి కాలనీకి సిమెంటు రోడ్డు వేద్దామంటే, నాలుగు లక్షలు దాటకూడదని కార్యదర్శి అడ్డుపడుతున్నారు. నిజమేనా?
- సర్పంచ్, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: నిజమే. 2021-26 కాలానికి ఇచ్చిన ఈ గ్రాంటులో 60 శాతం టైడ్ (చెప్పిన పనులకే వాడాల్సినది), 40 శాతం అన్‌టైడ్ (ఆ కట్టుబాటు లేనిది). మీ పది లక్షల్లో మూడు తాగునీటికి, మూడు పారిశుద్ధ్యానికి పోతాయి. మిగిలిన నాలుగే ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. వాటినైనా జీతాలకు, ఆఫీసు ఖర్చులకు తీయకూడదు. తాగునీటి అవసరాలన్నీ తీరిపోయాయని గ్రామసభ ధ్రువీకరించి, పైఅధికారులు ఒప్పుకుంటే ఆ మూడు లక్షలు పారిశుద్ధ్యానికి మళ్లించవచ్చు. రోడ్డుకు మాత్రం కాదు.

ఒక జాగ్రత్త. రోడ్డు పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కిందో లేదో చూశాకే కొలతలు వేయించండి. ప్రణాళికలో లేని పనికి పంచాయతీ పద్దుల, చెల్లింపుల పోర్టల్ ఈ-గ్రామస్వరాజ్‌లో బిల్లు పెట్టలేరు. పని పూర్తయ్యాక ఈ సంగతి బయటపడి కాంట్రాక్టరు సర్పంచ్ ఇంటి చుట్టూ తిరగడం చాలాచోట్ల జరుగుతోంది. బిల్లు పెట్టాక ఆగిపోవడానికి కారణాలు సాధారణంగా మూడు: డిజిటల్ సంతకం గడువు తీరడం, గత నెల పద్దు మూయకపోవడం, కాంట్రాక్టరు ఖాతా వివరాలు కుదరకపోవడం. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కాబట్టి పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌తో నమోదైన ఖాతాలుంటే ముందే సరిచేయించండి.

ప్రశ్న: ఇంటి పన్ను రేటు పెంచుదామంటే పాలకవర్గంలో ఎవరూ ఒప్పుకోరు. పెంచకుండా రాబడి పెరిగే దారి ఉందా?
- వార్డు సభ్యురాలు, నల్గొండ జిల్లా

జవాబు: ఉందమ్మా. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే. రిజర్వు బ్యాంకు నివేదిక ప్రకారం 2022-23లో దేశంలో ఒక్కో పంచాయతీకి సొంత పన్నుల మీద వచ్చింది సగటున 21 వేల రూపాయలే. రాబడిలో దాదాపు 95 శాతం గ్రాంట్లే. గ్రాంటు ఆగిన నెలలో బోరు మోటారు కాలిపోతే ఆదుకోవాల్సింది సాధారణ నిధి. దాన్ని నింపేది సొంత రాబడి.

రేటు జోలికి పోకుండా ముందు డిమాండ్ రిజిస్టరు (ఏ ఇంటి నుంచి ఎంత పన్ను రావాలో రాసే పుస్తకం) తీయండి. వీధి వీధినా టేపు పట్టుకుని తిరిగి, రిజిస్టరులో ఉన్న ఇళ్లను, నేల మీద ఉన్న ఇళ్లను సరిపోల్చండి. కొత్తగా లేచిన పైఅంతస్తు, కిరాణా కొట్టుగా మారిన ముందు గది, కోళ్ల ఫారం షెడ్డు, రైస్ మిల్లు సాధారణంగా తప్పిపోయేవి ఇవే. సెల్ టవర్లను మరవొద్దు. వాటి మీద ఆస్తి పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏడాదికి 600 చొప్పున పన్ను పడాల్సిన ఇళ్లు 80 తప్పిపోయాయనుకుంటే, పోయేది 48 వేలు. కొత్తగా చేర్చే ప్రతి ఇంటికీ నోటీసు ఇచ్చి, అభ్యంతరం విని, తీర్మానం రాశాకే డిమాండ్‌లో ఎక్కించండి. ఈ వరుస తప్పితే అప్పీలులో ఓడిపోతారు.

రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ సెస్సు పంచాయతీది కాదు. 600 పన్నుకు రసీదు 648 అవుతుంది. ఆ 48 జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. వాడేసుకుంటే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు, ఊరి లైబ్రరీకి పత్రికలు ఆగిపోతాయి. రెండోది ఎక్కువ బాధాకరం.

సంత ఆశీలు, చెరువు చేపలు, చింతచెట్ల ఫలసాయం వేలం వేసేటప్పుడు గత మూడేళ్ల పాటల సగటును కింది ధరగా పెట్టండి. నాలుగు రోజుల ముందు దండోరా వేయించండి, పక్క ఊళ్లలోనూ వేయించండి. డిపాజిట్ కట్టినవారినే పాటలోకి రానివ్వండి. పాట రద్దయ్యేది ఎక్కువగా హెచ్చు పాటదారు మొదటి వాయిదా కట్టి తర్వాత ముఖం చాటేసినప్పుడే. ఏడాది మొత్తం ముందే కట్టించుకోవడం మేలు. కుదరకపోతే బ్యాంకు గ్యారంటీ అడగండి.

ప్రశ్న: కువైట్‌లో పనిచేసే మా ఊరివాళ్లం కలిసి ఊరికి మంచినీటి ప్లాంటు పెట్టాలనుకుంటున్నాం. డబ్బు ఎవరికి పంపాలి?
- ఒక పాఠకుడు, అన్నమయ్య జిల్లా

జవాబు: వ్యక్తుల ఖాతాలకు వద్దు. విరాళం స్వీకరిస్తున్నట్టు పంచాయతీ తీర్మానం చేశాక, పంచాయతీ ఖాతాకే పంపి రసీదు తీసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. మీలో ఎవరైనా వేరే దేశపు పౌరసత్వం తీసుకుని ఉంటే వారి వాటా విదేశీ విరాళం అవుతుందేమో ముందే కనుక్కోండి. తీర్మానంలో కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఫిల్టర్లు ఎవరు మారుస్తారు, క్యాను ధర ఎంత, ఆ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది అన్నవి రాయించండి. మెంబ్రేన్ (నీటిని వడగట్టే పొర) మార్చడానికి డబ్బు పక్కన పెట్టని ప్లాంట్లు కొన్నేళ్లకే తాళం పడి నిలిచిపోతాయి. అందుకే వసూలయ్యే ప్రతి క్యాను ధరలో కొంత ఆ పేరుతో విడిగా జమ చేయించండి.