డిమెన్షియా ఉన్న అత్తగారికి రంగుల పుస్తకం బదులు పట్టు పోగులు ఇచ్చి చూడండి

మీ అత్తగారు ధర్మవరంలో మగ్గాల ఇంట్లో పుట్టి పెరిగారని, డిమెన్షియా వచ్చాక అనంతపురంలో మీ దగ్గరే ఉంటున్నారని రాశారు. పొద్దు వాలేసరికి "మా ఇంటికి పోవాల" అంటూ తలుపు దగ్గర నిలబడుతున్నారు. రంగులు వేసే పుస్తకం, స్కెచ్ పెన్నులు కొనిస్తే విసిరేశారు. ఈ బొమ్మలూ పాటలూ నిజంగా పనికొస్తాయా అన్నది మీ ప్రశ్న.

పనికొస్తాయి. పుస్తకం విసిరేశారంటే ఆమెకు కళ పట్టదని కాదు. జీవితమంతా పట్టుచీరల మధ్య గడిపిన మనిషికి చిన్నపిల్లల సీతాకోకచిలుక బొమ్మ ఇస్తే చిన్నతనంగానే ఉంటుంది. ఈ జబ్బులో పేర్లు పోతాయి, తేదీలు పోతాయి, పరువు మాత్రం చాలాకాలం పోదు.

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. మా నాయన చెక్కభజన గురువు. ఊర్లో ఎంతమందికి అడుగులు నేర్పించినాడో లెక్క లేదు. చివరి ఏళ్ళలో నన్ను చూసి "ఎవురమ్మా నువ్వు?" అని అడిగేవాడు. అదే మనిషి చేతికి చెక్కలిస్తే తాళం పోయేది కాదు. పక్కన కూర్చుని నేను తప్పు వేస్తే కళ్ళతోనే గద్దించేవాడు. డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకం అల్జీమర్స్. అందులో తొలి రోజుల్లోనే దెబ్బతినే మెదడు భాగాల్లో ఒకటి హిప్పోక్యాంపస్. కొత్త సంగతులు మనసులో నిలవాలంటే అది కావాలి. ఏళ్ళ తరబడి చేసి చేతులకు పట్టేసిన పని బేసల్ గాంగ్లియా, చిన్నమెదడు లాంటి వేరే భాగాల మీద ఆధారపడుతుంది. అందుకే అది చాలామందిలో ఆలస్యంగా పోతుంది. కాబట్టి డిమెన్షియా వాళ్ళకు ఏ కళ మంచిదని వెతకొద్దు. మీ అత్తగారి చేతులు ఇన్నేళ్ళూ ఏం చేశాయో వెతకండి.

మగ్గాల ఇంటి ఆడవాళ్ళు కండెలు (నేతకు పోగు చుట్టే చిన్న గొట్టాలు) చుట్టకుండా పెరగరు. ధర్మవరంలో బంధువులను అడిగితే మిగిలిపోయిన పట్టు పోగులు, పాత జరీ అంచు ముక్కలు ఇస్తారు, కొనే పని లేదు. వాటిని ఒక చాటలో పోసి ఆమె ముందు పెట్టండి. రంగుకు రంగు వేరుచేయనీండి, ఖాళీ కండె ఉంటే చుట్టనీండి. తర్వాత ఒక అంచు ముక్క చేతికిచ్చి, "ఈ అంచుకు ఏ రంగు చీర ఒళ్ళయితే బాగుంటుందత్తా?" అని అడగండి. ఆమె చెప్పిన రంగు పోగులు పక్కన పరిచి చూపించండి. అట్ట మీద అతికిస్తే అదే బొమ్మ. ఆమె వేసిన బొమ్మ.

ఆ ప్రశ్నలో ఒక సంగతి ఉంది. దానికి తప్పు జవాబంటూ లేదు. మనం పెద్దవాళ్ళను పొద్దున లేచిందగ్గర్నుంచి "నేనెవరో గుర్తుందా? ఈ ఫోటోలో ఎవరు? మధ్యాహ్నం ఏం తిన్నావు?" అని పరీక్షలు పెడుతూనే ఉంటాం. చుట్టాలు వచ్చినప్పుడు మరీ ఎక్కువ. దయచేసి మీ ఇంట్లో అది మాన్పించండి. అమెరికాలో ఆన్ బాస్టింగ్ అనే ఆమె 1990ల్లో టైమ్‌స్లిప్స్ పద్ధతి మొదలుపెట్టారు. ఒక బొమ్మ చూపించి, గుర్తు తెచ్చుకోమనకుండా, కథ కల్పించమని అడుగుతారు. వాళ్ళు ఏం చెప్పినా రాసుకుని తిరిగి చదివి వినిపిస్తారు. మా నాయనతో నేను ఇది చేశాను. ధర్మవరం పక్కనే ఉన్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు కదా, అక్కడి నుంచి తెచ్చిన ఆడమనిషి బొమ్మ ఒకటి మా గోడకు ఉండేది. "ఈమె ఎక్కడికి పోతా ఉంది నాయనా?" అంటే, "సంతకు. దాని మొగుడు బండి తోలుకొని ముందే పోయినాడు, ఇది అలిగింది" అన్నాడు. అప్పటిదాకా రెండు మాటలు కలిపి మాట్లాడని మనిషి. రాసి చదివితే నవ్వి, "బండి గాదు, గుర్రం" అని దిద్దినాడు. ఆ కాగితాలన్నీ దాచుకున్నాను. మీ అత్తగారు చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల తోలుబొమ్మలాటలు చూసే ఉంటారు, బొమ్మ దొరికితే అడిగి చూడండి.

వేళ ముఖ్యం. ఆందోళన మొదలయ్యాక పోగులు తెచ్చి పెడితే అవీ విసిరేస్తారు. నాలుగు గంటలకే, టీ తాగినాక, లైట్లు వేసి కూర్చోబెట్టండి. అరగంట చాలు. "మా ఇంటికి పోవాల" అన్నప్పుడు "ఇదే కదా మీ ఇల్లు" అని వాదించకండి. ఆ ఇంట్లో మగ్గం ఎక్కడుండేదో, వాకిట్లో ఏ ముగ్గు వేసేవారో చెప్పమనండి. ముగ్గు వేయిస్తే బియ్యప్పిండితోనే. కొందరు చేతిలో ఉన్నది నోట్లో పెట్టుకుంటారు, రాతిముగ్గు వద్దు. సూది, కత్తెర అందనీయొద్దు. పోగులు వేలికి బిగుసుకోకుండా మీరు పక్కనే ఉండండి.

ఫోన్‌లో పాటలు పెట్టి వదిలేయడం మా ఇంట్లో పనిచేయలేదు. పొద్దంతా మోగే టీవీ అయితే చెరుపే చేసింది, నాయనకు చిరాకు పెరిగేది. పక్కన ఒక మనిషి కూర్చుని కలిసి పాడితేనే పాట పాటగా ఉండేది. కొన్ని భజన పాటలకు ఏడ్చేవాడు. నేను ఆపేదాన్ని కాదు, చేయి పట్టుకుని చివరిదాకా పాడేదాన్ని. భయపడుతున్నట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ఆపాలి.

వీటితో జబ్బు తగ్గదు. మీ ఆయనకూ ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే నెలలోనే విసిగిపోతారు. సంగీతంతో చేసిన పరిశోధనలన్నీ కలిపి 2018లో కాక్రేన్ అనే వైద్య పరిశోధనల సమీక్షా సంస్థ ఇచ్చిన నివేదిక ప్రకారం, కనీసం 5 సార్లు చేయిస్తే దిగులు తగ్గే అవకాశం ఉంది, జ్ఞాపకశక్తిలో మాత్రం పెద్దగా మార్పు రాదు. మా ఇంట్లోనూ అంతే. అయినా ఆ అరగంటలో నాయన రోగిగా కాక గురువుగా ఉండేవాడు. నాకు అది చాలా పెద్ద సంగతి.

ఒకవేళ రెండు మూడు రోజుల్లోనే ఉన్నట్టుండి తికమక పెరిగితే, పాటలూ పోగులూ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్ళకు అలా అవుతుంది. బి12, థైరాయిడ్ పరీక్షలు ఇంకా చేయించకపోతే అడిగి చేయించండి. పెద్దల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ నంబర్ 14567.